కిందూరులో పిల్లికూతల సర్వే

నమోదు 1

కిందూరు ఉన్నత పాఠశాలలో సర్వే మొదలుపెట్టాను. పదమూడు నుంచి పదహారేళ్ల లోపు పిల్లలు మూడు వందల పన్నెండు మంది. ఆస్తమా, ముక్కు అలర్జీ, చర్మం మీద దద్దుర్లు, ఈ మూడింటి గురించి ప్రశ్నలు అడగాలి. తర్వాత గొట్టంలోకి ఊదే పరీక్ష. పాత గనుల్లో, నేల కింద వెలసిన ఊళ్లలో ఆరోగ్య శాఖ నన్ను పంపిన నాలుగోది ఇది. ఇక్కడ నాకు ఎవరూ తెలియదు.

పొద్దున నేను వెళ్లేసరికి తొమ్మిదో తరగతి పిల్లలు ఊళ్లోకి దిగే దారి దగ్గర గోనె తెరలు తడుపుతున్నారు. రోజూ ఒక తరగతి వంతు. పైన ఎండలోంచి వచ్చే గాలి ఆ తడి తెరల్లోంచి దూరి కిందికి దిగుతుంది. కొంత చల్లబడుతుంది, కొంత దుమ్ము ఆగుతుంది. అక్కడి నుంచి ఒకటో వరుస ఇళ్లకు, తర్వాత రెండో వరుసకు, అలా పాత బొగ్గు సొరంగం పొడవునా తొమ్మిదో వరుస దాకా పోతుంది. చివర ఉన్న పెద్ద ఫ్యాను దాన్ని లాగి బయటికి తోసేస్తుంది. బడి ఐదో వరుసలో ఉంది. నాకిచ్చిన గది బడి పక్కనే.

"గట్టిగ ఊదితే గొట్టం పగులుతదా మేడం?" అని ఒకడు అడిగాడు.

"నువ్వు ఊదితే మేడమే ఎగిరి ఫ్యాన్ల పడ్తది," అన్నాడు ఇంకొకడు. వాడి పేరు ప్రణీత్. ఊరి కమిటీ చైర్మన్ కొడుకు. వాడు ఊదితే ముల్లు నాలుగు వందల ముప్పై దాటింది. వరుసలో నిలబడ్డ అందరికీ ఆ సంగతి చెప్పి వచ్చాడు.

పదో తరగతి తబిత వంతు వచ్చింది. పదిహేనేళ్ల అమ్మాయి, పొడగరి. ఆ ఎత్తుకు నాలుగు వందలు రావాలి. రెండు వందల నలభై వచ్చింది. మూడుసార్లు ఊదించి ఎక్కువ వచ్చినదాన్ని లెక్కలోకి తీసుకుంటాం. మూడోసారి ఇంకా తగ్గింది.

"ఇంకోసారి ఊదుత మేడం. పొద్దున తిన్నదంత పెట్టి ఊదుత."

"చాలు. రాత్రి ఎక్కడ పడుకుంటావు?"

"ఒకటో వరుస. చైర్మన్ పెద్దనాయన ఇంట్ల. చదువుకోనికి పోయిన."

"చదివి చదివి లెక్కల్ల ముప్పై ఆరు తెచ్చుకున్నది మేడం," అని వెనక నుంచి గొంతు.

తబిత తల తిప్పకుండానే, "నీకు పద్దెనిమిది. ఊకో," అంది.

నమోదు 2

ఊపిరి తీసేటప్పుడు ఈల శబ్దం వస్తుందా అని అడిగితే ఒక్కో పిల్ల ఒక్కో రకంగా అర్థం చేసుకుంటుంది. అందుకే రికార్డు చేసిన చప్పుడు వినిపించి, ఇలాంటిది మీకెప్పుడైనా వచ్చిందా అని అడుగుతాం. వినిపించగానే తరగతి మొత్తం ఆ కూత కూసింది. టీచర్ వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాకే ఆపారు.

"పిల్లికూతలు మేడం, మాకు తెల్సు," అన్నారు.

"పిల్లిని ఎప్పుడైనా చూశారా?"

"పిల్లి అంటే గదే కదా, దమ్ము పట్టుకునుడు," అన్నాడొకడు. అదొక జంతువని చెప్తే నమ్మలేదు. జంతువుకు రోగం పేరెందుకు పెట్టారని ఒకమ్మాయి అడిగింది. బొమ్మ చూపించాను. మీసాలు బాగున్నాయన్నారు.

ఒక కుర్రాడు చెయ్యెత్తి, "మా తమ్ముడు రాత్రంత గిట్లనే కూసేటోడు. ఇప్పుడు లేడు," అన్నాడు.

పెన్ను కింద పెట్టాను. "ఏమైంది?"

"ముందుకు పోయిండు. చదువుకోనికి."

తమ్ముడు మూడో తరగతి. ఈ ఊళ్లో చదువు మీద శ్రద్ధ ఎక్కువేనని అనుకున్నాను. అంతకుమించి ఆలోచించలేదు.

అలర్జీ ప్రశ్నలకు జవాబులు తొందరగానే వచ్చాయి. కళ్లు ఎప్పుడు నీళ్లు కారుతాయంటే ఎక్కువమంది ఒకే మాట చెప్పారు: పుట్టగొడుగులు కోసే వారం. ఊరికి కూర అదే. ఏడో వరుసలో అరల మీద అరలు పెట్టి పెంచుతారు. గొడుగులు విచ్చుకుంటే సన్నటి పొడి లేస్తుంది. గాలి దాన్ని ఎనిమిది, తొమ్మిది వరుసల వైపు తోసుకుపోతుంది. వెళ్లి చూసి వచ్చాను. నా నల్ల చెప్పులు తెల్లబడ్డాయి.

నమోదు 3

పట్టిక తయారైంది. నేను అనుకున్నట్టు లేదు.

మిగతా మూడు ఊళ్లలోనూ గాలి చివర అందే ఇళ్లలోనే ఆస్తమా ఎక్కువ. అక్కడికి చేరేసరికి అది నూరు వంటిళ్ల పొగ, నూరు ఇళ్ల ఊపిరి దాటి వచ్చిన గాలి. కిందూరులో మాత్రం ఒకటో వరుసలో ముప్పై రెండు మంది పిల్లల్లో పదకొండు మందికి పిల్లికూతలున్నాయి. తొమ్మిదో వరుసలో ముప్పై ఎనిమిది మందిలో ఇద్దరికే.

ఊరికి ఉన్న ఒక్క డాక్టరు షాహీన్. దవాఖానా కూడా ఐదో వరుసలోనే. పట్టిక ఆమె ముందు పెట్టాను. చాలాసేపు చూసింది.

"తలకిందులుగా పట్టుకున్నానేమో," అంది.

"లేదు."

"మళ్లీ ఎంచు."

ఎంచాను. అదే వచ్చింది. "మీ దగ్గర మందు తీసుకునే పిల్లలు ఎక్కడివాళ్లు?" అని అడిగాను.

"ఎవరికి ఏ మందు ఇస్తున్నానో తెలుసు. ఎవరు ఎక్కడ పడుకుంటారో అడగను. ఈ ఊళ్లో అది మర్యాద కాదు."

ఎందుకు మర్యాద కాదో నేను అడగలేదు. అడిగి ఉండాల్సింది.

నమోదు 4

కమిటీ ముందు పట్టిక చదివాను. ఐదుగురు సభ్యులు. చైర్మన్ ఓదేలు ముప్పై ఏళ్లు ఫ్యాను నడిపి దిగిన మనిషి. నియమం తప్పడని పేరు. సొంత కూతురి పెళ్లికి కూడా నీళ్లు వంతుకు మించి తీసుకోలేదట. పెళ్లివాళ్లు ఆ సంగతి ఇంకా చెప్పుకుంటున్నారు.

ఆయన పట్టిక రెండుసార్లు చదివించుకున్నాడు. "నాకు ముందునుంచి అనుమానమే," అన్నాడు. "పైనుంచి వచ్చే దుమ్ము ముందుగాల తగిలేది ఒకటో వరుసకే. గోనె తెరలు పాతవడ్డయి. వెనక వరుసలకు పోయేసరికి దుమ్మంత గోడలకు అంటుకొని ఆగుతది. గాలి తేటవడ్తది."

"పట్టిక ఎక్కడ ఎక్కువో చెప్తుంది. ఎందుకో చెప్పదు," అన్నాను. "పుట్టగొడుగుల పొడి సంగతి కూడా చూడాలి. అరలను తొమ్మిదో వరుస దాటించి ఫ్యాను దగ్గర పెడితే ఎవరి మీదికీ పోదు."

పుట్టగొడుగుల పని చూసే సభ్యుడు మొండయ్య తల అడ్డంగా ఊపాడు. "అయ్యేది కాదు. అక్కడ నేల వాలు. పైపు అందదు. మా నాయన కాలంల కూడ చూసిన్రు, కాలేదు."

"ఎందుకో తెలిసేదాంక పిల్లలను ఆ దుమ్ములనే ఉంచుదమా, భాగ్యమ్మా?" అని ఓదేలు అడిగాడు. కోపంగా కాదు. నిజంగానే నన్ను అడిగాడు.

తీర్మానం చేశారు. ముందు వరుసల్లో పిల్లికూతలున్న పిల్లలందరినీ తొమ్మిదో వరుసలో ఖాళీగా ఉన్న గదుల్లోకి మార్చాలి. ఒక్కో వారం ఇద్దరు ముగ్గురు.

"నా ఇంటి నుంచే మొదలుపెడ్తం," అన్నాడు ఓదేలు. "మా తబితను ముందు పంపుత. రేపు ఎవరూ నన్ను వేలెత్తి చూపొద్దు."

నమోదు 5

ఖాళీ గదులు చూడటానికి తొమ్మిదో వరుసకు వెళ్లాను. ఆ వరుసలో ఆడవాళ్లు పూటపూటకీ తడిగుడ్డతో గోడలు తుడుస్తారు. మొదట్లో అది శుభ్రత అనుకున్నాను. గుడ్డ చూశాక అర్థమైంది. పుట్టగొడుగుల పొడి అంటుకుని, పిండి జల్లెడ పట్టిన గుడ్డలా ఉంది.

తుడుస్తున్న ఒకామె పేరు సునంద. గదులు ఎవరికని అడిగింది. చెప్పాను. మొదటగా వచ్చేది పదో తరగతి తబిత అని కూడా చెప్పాను.

ఆమె చేతిలో గుడ్డ కింద పడింది.

"ఎవలను తెస్తరు? నా బిడ్డనా? మళ్ల ఇక్కడికా?"

"మీ బిడ్డా?"

"నేను కన్నది. రెండేండ్ల కింద ఈ గదిలనే దమ్మాగి నీలంగ అయింది. ఓదేలు వాళ్లమ్మ వరమ్మ వచ్చి, పిల్లను మా ఇంట్ల పండవెట్టు అని తీస్కపోయింది. అప్పటిసంది అక్కడ్నే ఉంటున్నది. మీరేమో మంచిగ చేస్తున్నమని మళ్ల తెస్తున్నరు. మీకేమన్న మతి ఉన్నదా మేడం?"

చదువుకోవడానికి పోయిందన్న మాటకు అర్థం అప్పుడు తెలిసింది. వెనక వరుసల్లో పిల్లకు దమ్ము పట్టుకుంటే ముందు వరుసలో ఎవరో ఒకరు పిలిచి పడుకోబెట్టుకుంటారు. రోగం పేరెత్తరు. చదువు అంటారు.

"ఈ సంగతి కమిటీలో చెప్తే తీర్మానం రద్దవుతుంది కదా," అన్నాను.

సునంద తలుపు దగ్గరకు వేసి అసలు సంగతి చెప్పింది. కిందూరులో గదులు చీటీ వేసి ఇస్తారు. మొదటి రోజుల్లో బలమున్నవాళ్లు వెనక గదులవాళ్లను బెదిరించి ముందు గదుల్లో దూరారట. అది ఆపడానికి ఒక నియమం పెట్టారు. వేరే ఇంటివాళ్లను ఎవరూ మూడు రాత్రులకు మించి ఇంట్లో ఉంచుకోకూడదు. ఉంచుకుంటే ఆ ఇల్లు పోతుంది. వాళ్లు చివరి వరుసకు వెళ్లాలి.

"మీరు చెప్తే నా బిడ్డ ఎట్లనన్న ఇక్కడికే వస్తది. పైకెల్లి ఆ ముసలమ్మ ఇల్లు కూడ పోతది. రెండేండ్లు అన్నం పెట్టినోళ్ల ఇల్లు నేను పోగొట్టాల్నా? చెప్పకున్రి మేడం. నా బిడ్డ మీద ఒట్టు."

చెప్పనని మాటిచ్చాను.

నమోదు 6

ఒకటో వరుసలో వరమ్మను కలిశాను. ఎనభై దాటిన మనిషి. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ మాట్లాడింది.

"పిల్ల దమ్ము తీస్కోలేకపోతుంటె నియమం చూస్తరా? నా కొడుకు చూస్తడు. వానికి నేను చెప్పలే. తెచ్చి పండవెట్టిన. వాడు మూడు రాత్రులు ఎంచిండు, నాలుగో రాత్రి నా మొకం చూసి ఊకున్నడు. గంతే."

"మరి ఈ వరుసలో మిగతా పిల్లలు?"

"వాళ్లు ఇక్కడి పిల్లలే. మా తబిత ఒక్కతే వెనక వరుస పిల్ల."

పక్కింటికి వెళ్లాను. పేరు రాయనని, ఎవరికీ చెప్పనని మాటిచ్చి అడిగాను. తమ ఇంట్లో దమ్ము పిల్లవాడు ఎనిమిదో వరుస వాడని చెప్పారు. "మాది ఒక్కటే మేడం. మిగిలినోళ్లందరు ఇక్కడ్నే పుట్టిన్రు," అన్నారు.

మూడో ఇంట్లోనూ ఆ మాటే. నాలుగో ఇంట్లోనూ. పదకొండు మంది పిల్లల్లో ఒక్కరు కూడా ఒకటో వరుసలో పుట్టలేదు. ప్రతి ఇల్లూ తన తప్పొక్కటే తప్పని దాచుకుంది. పక్కింటి పిల్లల దగ్గు మాత్రం అసలైనదని నమ్మింది. అందుకే నా పట్టిక విని ఎవరికీ అనుమానం రాలేదు. ఒకటో వరుసలో రోగం పుట్టలేదు. రోగమున్న పిల్లలు అక్కడికి చేరారు.

ఓదేలు దగ్గరికి వెళ్లి, మీ వరుసలో దమ్మున్న పిల్లలంతా వెనక నుంచి వచ్చినవాళ్లేనని చెప్పాను.

"నా ఇంటి సంగతి నాకు ఎర్కే. తప్పే. దానికి ఏం చెయ్యాల్నో ఆలోచిస్తున్న. మిగిలిన పది ఇండ్లు ఎవలెవలో పేర్లు చెప్పు."

"చెప్పనని మాటిచ్చాను."

"పేరు లేకుంట నేనెట్ల నమ్మాలె? ఒక్కటి చెప్పు భాగ్యమ్మా. తబిత రెండేండ్లు మా ఇంట్ల ఉన్నది. ముందు గాలే మంచిదైతే ఎందుకు తక్కువ గాలేదు?"

గాలి మంచిదైనా ఉన్న రోగం పూర్తిగా పోదు, కాని పిల్ల బతికి ఉంది కదా అన్నాను. రెండేళ్ల కింద ఆ పిల్ల ఎంత ఊదేదని అడిగాడు. అప్పట్లో ఇక్కడ గొట్టం లేదు. ఆ అంకె ఎవరి దగ్గరా లేదు.

"అయితే తీర్మానం తీర్మానమే," అన్నాడు.

నమోదు 7

తబిత తొమ్మిదో వరుసకు మారింది. సొంత ఇంటికే చేరింది గాని, కమిటీ లెక్కలో మాత్రం చికిత్సకు వెళ్లింది.

రోజూ బడిలో ఊదించాను. రెండు వందల ఇరవై. తర్వాత రెండు వందలు. వెళ్లి ఓదేలుకు చెప్పాను. కొత్త చోటు అలవాటు కావడానికి కొన్నాళ్లు పడుతుందన్నాడు. షాహీన్ కమిటీకి లేఖ రాసింది. వచ్చే సమావేశంలో చూస్తామని జవాబు వచ్చింది.

అప్పుడే పుట్టగొడుగుల కోత మొదలైంది.

మధ్యాహ్నం బడి జరుగుతుండగా సునంద బిడ్డను వీపు మీద వేసుకుని ఐదో వరుస దాకా పరుగెత్తుకుంటూ వచ్చింది. ఆ రోజు తబిత బడికి రాలేదు. పొద్దుటి నుంచి దమ్ము పట్టుకుంటోందట. పెదవులు నీలంగా ఉన్నాయి. మాట రావడం లేదు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. షాహీన్ మాస్కు పెట్టి మందు ఆవిరి పట్టించింది, ఆక్సిజన్ తెరిచింది, సూది వేసింది. కిటికీ దగ్గర పదో తరగతి మొత్తం నిలబడింది. ప్రణీత్ వాళ్ల నాయనను పిలుచుకురావడానికి పరుగెత్తాడు.

ఓదేలు వచ్చేసరికి ఊపిరి కొంచెం కుదురుకుంది. ఆయన లోపలికి రాలేదు. గడప బయటే నిలబడ్డాడు.

చాలాసేపటి తర్వాత షాహీన్ సరేనంటే గొట్టం ఇచ్చి ఊదించాను.

"ఎంత?" అని బయట నుంచి ఓదేలు అడిగాడు.

"నూట ముప్పై. మందు ఇచ్చాక."

"మా ఇంట్ల ఉన్నప్పుడు?"

"రెండు వందల నలభై."

ఆయనకు కావలసిన రెండు అంకెలు దొరికాయి. బెంచీ మీద కూర్చున్నాడు. సునంద ఆయన వైపు చూడలేదు.

మాస్కు కింద నుంచి తబిత ఏదో అంది. వంగి విన్నాను. "లెక్కల పరీక్ష తప్పించుకున్ననా?" అని అడుగుతోంది. ఈ రోజుకు తప్పించుకున్నావని చెప్పాను. కళ్లు మూసుకుంది.

నమోదు 8

బడి ముందు ఊరంతా కూడింది. ఓదేలు లేచి నిలబడ్డాడు.

"రెండేండ్ల సంది వెనక వరుస పిల్లను నా ఇంట్ల ఉంచుకున్న. మూడు రాత్రులు దాటితే తప్పని తెల్సు. తెల్సీ ఉంచుకున్న. నియమం ప్రకారం నా ఇల్లు పోతది. రాసుకోన్రి. ఇగ పట్టిక సంగతి. ఆ పిల్ల మా ఇంట్ల రోగం తెచ్చుకోలే, రోగంతోనే వచ్చింది. భాగ్యమ్మ చెప్పింది, నేను పేర్లడిగిన. పేర్లు నేనే అడుగుత. ఒకటో వరుసల ఇంకెవలన్న ఉన్నరా?"

జనంలో ముందు కూర్చున్న వరమ్మ వెనక్కి తిరిగి ఒక్కొక్కరి ముఖం చూసింది. "మొన్న నా దగ్గరికి వచ్చి పిల్లకు కషాయం ఎట్ల కాయాల్నని అడిగినోళ్లు లెవ్వున్రి," అంది.

ఒకామె లేచింది. తర్వాత ఆమె పక్కింటాయన. లేచిన ప్రతివాళ్లూ తమ పక్కన లేచినవాళ్లను చూసి ఆశ్చర్యపోయారు. "మీ పిల్లగాడు కూడానా? నేనిన్నేండ్లు మీ చెల్లె కొడుకనుకుంటి," అని ఒకాయన అనడం వినిపించింది. పదకొండు ఇళ్లు తేలాయి. ఆ తర్వాత రెండో వరుస నుంచి కొందరు, అడక్కుండానే.

లేచినవాళ్లలో కమిటీ సభ్యులు ముగ్గురు. ఆ ముగ్గురిలో మొండయ్య ఒకడు.

కార్యదర్శి నియమం చదివాడు. తప్పు చేసిన ఇల్లు చివరి వరుసకు పోవాలి, చివరి వరుస ఇల్లు ముందుకు రావాలి. చదివి తలెత్తాడు. "ఒకటో వరుస ఇంచుమించు ఖాళీ అయితది," అన్నాడు.

వెనక నుంచి ఎవరో నవ్వారు. తర్వాత చాలామంది నవ్వారు. ఓదేలు నవ్వలేదు. "నియమం నియమమే. ముందుగాల దమ్ము పిల్లలను కన్నోళ్ల ఇండ్ల మధ్య చీటీలు వెయ్యిన్రి," అన్నాడు.

చీటీలు వేశారు. సునందకు ఒకటో వరుసలో చివరి గది వచ్చింది. ఓదేలు ఇల్లు తొమ్మిదో వరుసకు, మొండయ్య ఇల్లు ఆ పక్కనే.

చీటీలు అయిపోయాక మొండయ్య గొంతు సవరించుకున్నాడు. పుట్టగొడుగుల అరలు ఫ్యాను దగ్గరికి మార్చే సంగతి మళ్లీ చూడవచ్చన్నాడు.

"నేల వాలు కదా," అన్నాను.

"రాళ్లు పెట్టి ఎత్తుకోవచ్చు."

"పైపు?"

"ఇంకో పైపు తగిలిస్తే అందుతది."

ఎవరూ వ్యతిరేకించలేదు. ఉన్న పంట కోసి, అరలు కడిగి, మార్చడం మొదలుపెట్టాలని తీర్మానించారు. మూడు రాత్రుల నియమం తీసెయ్యాలని ఒకామె లేచి అడిగింది. అది తొందరపడి తేల్చే విషయం కాదని వాయిదా వేశారు.

నమోదు 9

ఇళ్లు మారడం అయింది. తబిత ఒకటో వరుసలో తల్లి దగ్గర ఉంది. నిన్న ఊదితే రెండు వందల అరవై. వరమ్మ ఇప్పుడు తొమ్మిదో వరుసలో గోడలు తుడవడం నేర్చుకుంటోంది. గుడ్డ ఎంతసేపటికి తెల్లబడుతుందో చూసి, కొడుకు వినేలా నాలుగు మాటలు అంటోంది.

అరల మార్పు సగంలో ఉంది. మిగిలిన సగంలో గొడుగులు విచ్చుకున్నాయి.

నివేదికలో రాయాల్సిన చివరి కొలతలు తీసుకోవడానికి ఈ సాయంత్రం తొమ్మిదో వరుసకు వెళ్లాను. ఓదేలు గుమ్మంలో ప్రణీత్ కూర్చుని ఉన్నాడు. పలకరిస్తే జోకు వెయ్యలేదు. ఊదించాను. మూడు వందల పది. ఛాతీకి చెవి పెట్టి విన్నాను. సన్నగా కూత ఉంది.

"షాహీన్ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. కొన్నాళ్లు ఈ గాలికి దూరంగా ఉంచండి," అన్నాను.

"ఎక్కడ ఉంచాలె?" అన్నాడు ఓదేలు. "దవాఖానకు రేపు తీస్కపోత. ఇల్లు మాత్రం ఇదే. నాకు వచ్చిన ఇల్లు ఇది."

వరమ్మ లేచి బయటికి వెళ్లింది. నేను పక్క గదుల్లో పిల్లలను చూసి వచ్చేసరికి ఆమె వెంట సునంద ఉంది. నడిచి వచ్చిన ఆయాసంతో ముసలామె గోడకు ఆనుకుంది. సునంద నేరుగా లోపలికి వచ్చి ప్రణీత్ చాప చుట్టి చంకన పెట్టుకుంది.

"నడు బిడ్డా. మీ తబితక్క ఎదురుచూస్తున్నది."

ఓదేలు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. "వద్దు సునందా. నీకు ఇప్పుడిప్పుడే ఇల్లొచ్చింది. పోగొట్టుకోకు. మూడు రాత్రుల నియమం ఇంకా ఉన్నది."

"ఉంటె ఉండనీ. నాలుగో రాత్రి వచ్చి అడుగు."

"నేను గాకపోతె ఇంకొకలు అడుగుతరు."

"అడగనీ. చదువుకోనికి వచ్చిండని చెప్త."

ఆమె ఆయన పక్క నుంచి దాటి బయటికి నడిచింది. ప్రణీత్ నాయన ముఖం చూశాడు, నానమ్మ ముఖం చూశాడు, సునంద వెనక బయలుదేరాడు. వాళ్లు ఎనిమిదో వరుస మలుపు దాకా పోయారు. ఓదేలు ఇంట్లోకి వెళ్లాడు. కొడుకు దిండు తీసుకుని బయటికి వచ్చి, గబగబా వాళ్ల వెనక నడిచాడు.